బట్టల గుట్ట చూసి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి

ఇల్లు చిందరవందరగా ఉంటే చాలామంది ఆడవాళ్లు ముందు తమనే నిందించుకుంటారు. దయచేసి అది ఆపండి. ఆ గుట్టలో ఉన్నది బద్ధకం కాదు, ఇంకా తీసుకోని నిర్ణయాలు. పాత కరెంటు బిల్లు ఉంచాలా? బిగుతైన జాకెట్టు కుట్లు విప్పితే పనికొస్తుందా? పెళ్లిలో పెట్టిన చీర వేరేవాళ్లకి ఇస్తే పెట్టినవాళ్లు నొచ్చుకుంటారా? అలసిన బుర్ర ఇన్నిటికి ఒకేసారి జవాబు చెప్పలేదు. అందుకే చూడగానే చేతులు ఆడవు.

లాస్ ఏంజెలెస్ కుటుంబాలపై 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, తమ ఇల్లు సామాన్లతో, సగంలో ఆగిన పనులతో నిండిపోయిందని వర్ణించిన భార్యల్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ సాయంత్రానికి తగ్గాల్సినంత తగ్గలేదు. అంటే మీ చిరాకు ఊహ కాదు, ఒంట్లో జరుగుతున్నదే.

కాబట్టి గది మొత్తం పెట్టుకోకండి, ఒక్క సొరుగు చాలు. ఫోన్లో పది నిమిషాలకు అలారం పెట్టుకోండి. ఆలోచించక్కర్లేని వాటితో మొదలుపెట్టండి: చిరిగిన కవర్లు, మూత దొరకని డబ్బాలు, ఇంకు ఎండిపోయిన పెన్నులు. ఎటూ తేలనివి ఒక అట్టపెట్టెలో వేసి, పైన తేదీ రాసి అటక మీద పెట్టేయండి. పోయినవాళ్ల బట్టలు మాత్రం ఇప్పుడే కదపకండి, వాటికి తొందర లేదు.

ఇంట్లో పసిబిడ్డో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే కుర్చీ మీద పేరుకున్న బట్టల గుట్ట ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి. అలారం మోగగానే, సొరుగు సగమే అయినా లేచిపోండి.