పక్కపక్క ఊళ్ళలోని రెండు సర్కారు బడులను పోల్చి చూడటం ఎలా?

ఒకే మండలంలో, రెండు మూడు కిలోమీటర్ల దూరంలో రెండు ప్రభుత్వ పాఠశాలలు ఉన్నప్పుడు, చాలామంది తల్లిదండ్రులు ప్రహరీగోడను, కొత్తగా వేసిన రంగులను చూసి, లేదా ఎవరో చెప్పిన మాట విని పిల్లలను ఎక్కడ చేర్చాలో తేల్చుకుంటారు. భవనం అవసరమే, కాదనను. కానీ పిల్లలకు చదువు రావడం, ఉపాధ్యాయులు ఏ తరగతికి రోజులో ఎంతసేపు పాఠం చెప్పగలుగుతున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ సంగతి గేటు దగ్గర నిలబడితే తెలియదు.

ముందుగా లెక్కలు చూసుకోవాలి. ప్రతి బడికీ యూడైస్ (దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) ఇచ్చిన 11 అంకెల కోడ్ ఉంటుంది. తెలంగాణ బడులది 36తో, ఆంధ్రప్రదేశ్ బడులది 28తో మొదలవుతుంది. ప్రధానోపాధ్యాయుల దగ్గర ఆ కోడ్ తెలుసుకుని యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో చూస్తే పిల్లల సంఖ్య, ఉపాధ్యాయులు, గదులు, మరుగుదొడ్ల వివరాలు దొరుకుతాయి. రెండు బడులవీ కనీసం మూడేళ్ళ లెక్కలు పక్కపక్కన రాసుకోవాలి. రెండేళ్ళ క్రితం ఒకటో తరగతిలో 18 మంది ఉండి, ఇప్పుడు మూడో తరగతిలో 9 మందే మిగిలితే, తక్కినవారు వలస పోయారా, ప్రైవేటు బడి బస్సెక్కారా అని ఊళ్ళో విచారించాలి. అయితే ఇవి బడివారే నింపి పంపిన వివరాలు, పైగా కొన్ని నెలల కిందటివి. కాబట్టి వీటితోనే నిర్ణయానికి రాకూడదు.

అసలు జాగ్రత్తగా చూడవలసింది ఉపాధ్యాయుల విషయం. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 మంది వరకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. ఒక ఊరి బడిలో 40 మందికి ఇద్దరు, పక్క ఊరి బడిలో 87 మందికి ముగ్గురు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి 20 మంది, 29 మంది అని లెక్కగడితే మొదటి బడే మేలనిపిస్తుంది. కానీ అక్కడ ఐదు తరగతులనూ ఇద్దరే పంచుకోవాలి. ఒకరు మూడు, నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుంటే, నాలుగో తరగతికి భాగహారం చెబుతున్నంతసేపూ మిగతా రెండు తరగతులవారు పలకల మీద ఎక్కాలు రాసుకుంటూ ఉంటారు. ఇద్దరిలో ఒకరు సమావేశానికని మండల కేంద్రానికి వెళ్ళిన రోజున ఐదు తరగతులూ ఒక్కరి మీదే పడతాయి. అందుకే మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, వారిలో డెప్యుటేషన్ మీద వేరే చోటికి వెళ్ళినవారు ఎందరు అని విడివిడిగా అడగాలి. ఉన్నత పాఠశాల అయితే గణితానికి, భౌతికశాస్త్రానికి, ఇంగ్లీషుకు స్కూల్ అసిస్టెంట్లు (ఒక్కో సబ్జెక్టు బోధించే ఉపాధ్యాయులు) ఉన్నారో లేదో సబ్జెక్టువారీగా తెలుసుకోవాలి. చిన్న బడులు పనికిరావని నా ఉద్దేశం కాదు. ప్రతి పిల్లవాడి ఇంటి సంగతి కూడా తెలిసిన ఉపాధ్యాయులున్న చిన్న బడి నిజంగా గొప్ప వరం.

తర్వాత ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, పండగలూ తనిఖీలూ లేని మామూలు రోజున రెండు బడులకూ వెళ్ళాలి. హాజరు పట్టీలోని సంఖ్యను మధ్యాహ్నం పళ్ళేలు పట్టుకుని వరుసలో నిలబడినవారి సంఖ్యతో సరిచూసుకోవాలి. రెండు చోట్లా మూడో తరగతి పిల్లలను ఐదారుగురిని పిలిచి, రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి చదవమనాలి. వేలు పెట్టి గడగడా చదివేస్తే సంతోషపడి అక్కడితో ఆపకండి. వేలు ఒక పదం మీద ఉండగానే నోరు తర్వాతి పదాలు పలుకుతోందంటే, ఆ పాఠం కంఠతా వచ్చిందే తప్ప చదవడం రాలేదని అర్థం. అప్పుడు వాళ్ళు చూడని కథ నుంచి ఒత్తులున్న రెండు వాక్యాలు చదివించి, విషయం ఏమిటో సొంత మాటల్లో చెప్పమనాలి. 52 నుంచి 27 తీసివేయమంటే, అప్పు తెచ్చుకోవడం వచ్చిందో లేదో తెలుస్తుంది. ఇదంతా పిల్లలు చిన్నబుచ్చుకోకుండా, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా చేయాలి.

పదో తరగతి ఫలితాల శాతాలను ఉన్నవి ఉన్నట్టుగా పోల్చకూడదు. 8 మంది రాసి 8 మందీ ఉత్తీర్ణులైతే నూరు శాతం. 50 మందిలో 45 మంది ఉత్తీర్ణులైతే 90 శాతం. ఆ 8 మంది ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వారి తోటివారు ఎందరో కూడా అడిగితేనే, మధ్యలో మానేసినవారి సంగతి బయటపడుతుంది.

మరుగుదొడ్డి ఉందా అని కాక, విరామం తర్వాత అందులో నీళ్ళు వస్తున్నాయా, ఆడపిల్లలు దాన్ని వాడుతున్నారా అని చూడాలి. దారిలో వాగు గానీ, లారీలు తిరిగే రోడ్డు గానీ ఉంటే, వానాకాలంలో పిల్లలు ఎన్ని రోజులు బడి మానవలసి వస్తుందో లెక్క వేసుకోవాలి.

ఎనిమిదో తరగతి లోపు పిల్లలు ఒక ప్రభుత్వ బడి నుంచి మరో ప్రభుత్వ బడికి మారాలనుకుంటే, బదిలీ ధ్రువపత్రాన్ని వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అది రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడివారు చేర్చుకోవడానికి నిరాకరించకూడదు, జాప్యం కూడా చేయకూడదు.