బ్రేక్ నొక్కితే మసకబారే ఇండికేటర్: నా ల్యాండ్ రోవర్ సిరీస్ 3 అనుభవం

మేముండేది బర్మింగ్‌హామ్‌లో, ల్యాండ్ రోవర్ పుట్టిన సోలిహల్‌కి దగ్గరే. నా 1978 సిరీస్ 3లో బ్రేక్ నొక్కగానే వెనక ఇండికేటర్ మసకబారేది. బల్బులు మార్చినా అదే తంతు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక కొన లైటు బాడీకి, ఇంకో కొన బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, మా ఆవిడతో బ్రేక్ నొక్కించాను. దాదాపు సున్నా చూపాల్సిన చోట 3 వోల్టులు! ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగెళ్ళే దారి, సరిగ్గా అందడం లేదన్నమాట.

దీని వెనక చరిత్ర ఉంది. ఈ బండి మీద నాకు ప్రేమ పెరిగేది ఇలాంటి చోటే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకు కరువు. అందుకే 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జనానికి చూపిన మొదటి బండికి బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమంతో బాడీ చేశారు. ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం) మాత్రం ఉక్కే. ఆ పద్ధతే సిరీస్ 3 దాకా వచ్చింది. ఈ రెండు లోహాలు కలిసేచోట తడి చేరితే అల్యూమినియం తెల్లగా పొడిబారుతుంది, కరెంటు తిరిగెళ్ళే దారి మూసుకుపోతుంది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ పనిని ఇంకా తొందరపెడుతుంది.

వెనక లైట్లకి విడిగా ఎర్త్ వైరు లాగాను. ఛాసిస్ మీద పెయింటు గీకి, లోహం మెరిసేదాకా వైర్ బ్రష్ కొట్టి, రింగ్ టెర్మినల్ బిగించి వాజలీన్ పూశాను. ఇప్పుడు మీటర్‌లో 0.1 వోల్టు. వచ్చేవారం ముందు లైట్ల పని పడతాను.