నెల్లూరు, ప్రకాశం తీరంలో ఒక రాత్రి: ఇసుక మీద గుడారం నిలబెట్టే విధానం

మైపాడు, కొత్తపట్నం, పాకల తీరాలలో పగలంతా జనసందడి ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఒకటి రెండు కిలోమీటర్లు నడిస్తే సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు, సముద్రం తప్ప మరేమీ కనిపించవు. అటువంటి చోట రాత్రి బస చేయదలచినవారు సాధారణంగా అలలకు భయపడతారు గానీ, నేను చూసినంతవరకు గుడారాన్ని పడగొట్టేవి గాలి, ఇసుక ఈ రెండే.

బయలుదేరడానికి జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారాల వరకు అనువైన కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాలు పొంచి ఉంటాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ ఆ నెలలవే. మిగిలిన కాలంలోనైనా కృష్ణపట్నం పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త వస్తే ప్రయాణం మానుకోవాలి. అలల ఎత్తు గురించి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే హెచ్చరికలను ముందురోజే చూసుకోవాలి. మత్స్యకార గ్రామ పెద్దలకు, మెరైన్ పోలీసులకు ముందుగా చెప్పి వెళ్లడం మర్యాదే కాదు, అవసరం కూడా.

బకింగ్‌హామ్ కాలువ దాటాక చాలాచోట్ల దారి ఇసుకలో కలిసిపోతుంది కనుక సాయంత్రం 4 గంటలకల్లా చేరుకోవాలి. ముందుగా ఒడ్డున ఎండిన నాచు, గవ్వలు, తెగిన వల ముక్కలు వరుసగా పేరుకున్న గీతను వెతకాలి. గత పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటు ఇంకా పైకి వస్తుంది. ఊదారంగు పూల తీగ, రావణాసురుని మీసాలు అనే ముళ్ల గడ్డి పెరిగిన దిబ్బ దాకా మామూలు రోజులలో నీరు రాదు. ఆ దిబ్బను పట్టి ఉంచేవి ఆ మొక్కలే కాబట్టి వాటిని తొక్కకుండా, దిబ్బ వెనుక ఖాళీగా ఉన్న ఇసుకను ఎంచుకోవాలి. మన్నేరు, పాలేరు వంటివి సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. అక్కడ బస వద్దు.

మొదటిసారి కొత్తపట్నం పక్కన గుడారం వేసినప్పుడు దానితో వచ్చిన ఇనుప మేకులనే దిగగొట్టాను. రాత్రి 2 గంటలకు ఒక మూల లేచింది, తరువాత రెండోది లేచింది, తెల్లవారేదాకా నలుగురం గుడ్డను పట్టుకుని కూర్చున్నాం. పొడి ఇసుక మేకును పట్టి ఉంచదు. అందువల్ల 25 కిలోల బియ్యపు సంచులు ఖాళీవి నాలుగైదు తీసుకువెళ్లాలి. ఒక్కో సంచిలో మూడో వంతు తడి ఇసుక నింపి, మూతి బిగించి, నడుముకు తాడు కట్టి, మూరెడు లోతు గోతిలో అడ్డంగా పడుకోబెట్టాలి. తాడు నిటారుగా పైకి రాకుండా గుడారం వైపు ఏటవాలుగా వచ్చేలా గోతి అంచున సన్నని గాడి తీయాలి. చాలామంది మరచిపోయేది ఈ గాడినే. గోతిని పూడ్చి, కాలితో తొక్కి, ఒక బకెట్ నీళ్లు పోసి, తాడు పట్టుకుని ఒంటి బరువంతా వేసి వెనక్కు వాలి చూడాలి. సంచి కదలకపోతే గాలికీ కదలదు.

జనవరిలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, రాత్రి పొద్దుపోయాక నేల మీది నుంచి కూడా రావచ్చు. కాబట్టి గుమ్మం దక్షిణానికి పెట్టాలి. వాస్తు పట్టింపు ఉన్నవారు ఆ ఒక్క రాత్రికి సర్దుకోక తప్పదు. ఫిబ్రవరి చివరికి గాలి దక్షిణానికి మళ్లుతుంది కనుక అప్పుడు గుమ్మాన్ని ఉత్తరానికి మార్చుకోవాలి.

తాగడానికి, వంటకు మనిషికి 5 లీటర్ల నీళ్లు ఉండాలి. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక కాబట్టి దిబ్బల వెనుక తవ్విన చెలమలో పైన తియ్యని నీరు ఊరుతుంది. అయినా మరిగించకుండా తాగకూడదు. రాలిన సరుగుడు ఆకు నిప్పురవ్వకే అంటుకుంటుంది, అందుచేత తోట దగ్గర పొయ్యి వెలిగించకుండా చిన్న గ్యాస్ స్టవ్ వాడాలి.

ఈ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. తల్లి తాబేలు ఇసుకలో గొయ్యి తీసి సుమారు 100 గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. తెల్లని వెలుగు పడితే అది గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు, పిల్లలైతే సముద్రం ఎటో తెలియక దారి తప్పుతాయి. టార్చికి ఎర్రని కాగితం చుట్టాలి, ఫోటోల కోసం ఫ్లాష్ వేయకూడదు. గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

చీకటి పడ్డాక నీటిలో దిగవద్దు. పగలైనా, అలలు విరగకుండా నున్నగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండవచ్చు. అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదక, తీరం వెంబడి పక్కకు ఈది బయటపడాలి. సహాయానికి 112, సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డ్ 1554 నంబర్లను ఫోన్‌లో పెట్టుకోవాలి.

ఉదయం సంచులను తవ్వి తీసి, ఇసుక పారబోసి, ఖాళీ సంచులలో చెత్తంతా నింపుకుని రావాలి. ఇంటికి చేరిన రోజే గుడారం జిప్పులను మంచినీటితో కడగాలి. ఉప్పు పట్టిన జిప్పు వారం తరువాత ఎంత లాగినా కదలదు.