తిరుపతి వీధుల్లో పాత కేసును నడక ఆటగా మలచడం ఎలా?

ఫోనులోని మ్యాపు చూసుకుంటూ ఒక చోటి నుంచి మరొక చోటికి నడిచి, దొరికిన ఆధారాలతో పాత నేరం చిక్కుముడి విప్పే ఆటను నలుగురు మిత్రులు కలిస్తే సొంతంగా తయారు చేసుకోవచ్చు.

ముందుగా కేసును ఎంచుకోవాలి. అది వందేళ్లు దాటినదై ఉండాలని నా గట్టి అభిప్రాయం. 2003లో అలిపిరి వద్ద ముఖ్యమంత్రిపై జరిగిన మందుపాతర దాడి అందరికీ తెలిసినదే అయినా, దాని గాయాలు మోస్తున్నవారు ఇంకా మన మధ్యే ఉన్నారు కనుక దానిని ఆటగా మార్చకూడదు. అంతకంటే పాతది ఒకటి ఉంది. 1843లో కంపెనీ ప్రభుత్వం తిరుమల ఆలయ నిర్వహణను హథీరాంజీ మఠం మహంతులకు, అంటే మఠాధిపతులకు, అప్పగించగా, 1933 వరకు ఆ బాధ్యత వారిదే. ఆ మధ్యకాలంలో, 19వ శతాబ్దం చివర, ధ్వజస్తంభం కింద బిందెలో పెట్టి పాతిన బంగారు నాణేలకు బదులు రాగి నాణేలు చేరాయన్న అభియోగంపై ఒక మహంతు కోర్టుకెక్కవలసి వచ్చింది.

తరువాత కాగితాలు వెదకాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, దాని కేంద్రం చిత్తూరు. అందుచేత పాత మద్రాసు రాష్ట్ర దస్త్రాలలో ఉత్తర ఆర్కాటు పేరుతోనే వెదకాలి. నోటుపుస్తకంలో పేజీని రెండుగా విభజించి, ఒకవైపు దస్త్రాలలో ఉన్నదీ, మరొకవైపు జనం చెప్పుకునేదీ రాసుకోవాలి. ఆధారాలన్నీ మొదటి వైపు నుంచే తీసుకోవాలి. రెండవ వైపువి పాత్రల నోట పుకార్లుగానే వినిపించాలి.

మూడవ పని చోట్ల ఎంపిక. నేరం జరిగిందన్నది కొండపైన అయినా, ఆటను కిందనే నడపాలి; దర్శనానికి వచ్చిన భక్తుల మధ్య ఆట తగదు. గోవిందరాజస్వామి ఆలయ గోపురం, పుష్కరిణి గట్టు, గాంధీ రోడ్డులో మఠానికి చెందిన చోటు, నాలుగుకాళ్ల మండపం, తీర్థకట్ట వీధి చాలు. ఇవన్నీ నేరస్థలాలు కావని ఆటగాళ్లకు మొదటే చెప్పాలి.

ఆట ప్రాణం ఆధారాలలో ఉంది. ఒకే పరిమాణం గల బంగారం రాగి కంటే రెండు రెట్లకు పైగా బరువు తూగుతుంది. ఈ ఒక్క విషయం మీద ఒక మజిలీ మొత్తాన్ని నిలబెట్టవచ్చు. పూజాసామగ్రి కొట్టు యజమానిని అడిగి, ఒకే కొలత గల రెండు మూసిన డబ్బాలను, ఒకటి 100 గ్రాములు, మరొకటి 215 గ్రాములు ఉండేలా, ఆయన తక్కెడ పక్కన ఉంచాలి. వాటితోపాటు పాత పావు అణా రాగి బిళ్లను ఆటగాడి అరచేతిలో పెట్టి, "బిందెలోని నాణేలను మార్చి ఉంటే, దానిని మోసినవారికి బరువు తేడా తెలిసి ఉండదా?" అని అడగాలి. మా ఆటలో అందరూ ఎక్కువసేపు వాదించుకున్నది ఈ ప్రశ్న దగ్గరే.

ఫోను విషయంలో జాగ్రత్త అవసరం. బండ్ల వీధిలో మేడల మధ్య నా ఫోను మ్యాపులో మేమున్న చోటు చూపే చుక్క పక్క సందులోకి దూకింది. మాతో వచ్చిన పిల్లవాడు దానినే చూస్తూ ఆటోకు అడ్డంగా నిలబడిపోయాడు. అప్పటి నుంచి మ్యాపులో ప్రతి చోటు చుట్టూ 40 మీటర్ల వలయం పెట్టి, అందులోకి వస్తే చోటు చేరినట్టే లెక్కించి, ఆధారాన్ని కాగితం మీద ఇస్తున్నాను. క్యూఆర్ కోడ్లను గోపురాలకూ మండపాలకూ అంటించకూడదు. యజమాని ఒప్పుకున్న కొట్లలోనే ఉంచాలి. వీధిలో ఉత్తుత్తి దొంగతనమో గొడవో నటిస్తే చూసినవారు నిజమనుకుని 112కు ఫోను చేస్తారు. బ్రహ్మోత్సవాల రోజులు మానుకుని, ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టాలి.

చివరగా, కథ ఏమీ తెలియని నలుగురిని నడిపించి, మీరు నోరు మెదపకుండా వెనకాల నడవండి. వారు ఎక్కడ ఆగి దిక్కులు చూస్తారో, ఆ చోట ఆధారాన్ని తిరిగి రాయాలి.