బాహుబలి నచ్చినోళ్ళకు ఏ చైనా, జపాన్ సినిమా చెప్పాలె, ఎట్ల చెప్పాలె

"అన్నా, కత్తులు యుద్ధాలు ఉన్న చైనా సినిమా మంచిది ఒకటి చెప్పవా" అని అడిగేటోళ్ళు మా నల్గొండల ఈ మధ్య మస్తు ఎక్కువైన్రు. అడగంగనే మనం ఏం జేస్తం, తెల్సిన పేర్లన్నీ వరుసవెట్టి వాట్సాప్ల కొడ్తం, ఆ పిలగాడు ఇరవై పేర్లు చూసి థాంక్స్ అన్నా అంటడు, ఒక్కటి గూడ చూడడు. అందుకే లిస్టు పంపకున్రి. ఒకటి చెప్పున్రి, మహా అయితే రెండు. ఆ ఒకటి ఏదో మనకు తెల్వాలంటె ముందుగాల వాణ్ని ఒక మాట అడగాలె.

బాహుబలిల నీకు ఏ సీన్ బాగ నచ్చింది? గంతే. మనకాడ ఆ రెండు పార్టులు చూడనోడు దొరకడు కాబట్టి ఇది అందరికి పనిచేస్తది. ఎసొంటి సినిమాలు ఇష్టం అని అడిగితే మాత్రం లాభం లేదు, యాక్షన్ అన్నా అంటడు, అయిపాయె ముచ్చట. సీన్ అడిగితే ఒకడు కాలకేయుల యుద్ధంల త్రిశూల వ్యూహం అంటడు, ఒకడు తాటిచెట్లు వంచి సైనికులు డాళ్ళు పట్టుకొని కోటల పడేది అంటడు, ఇంకొకడు మొత్తం కట్టప్ప గురించే మాట్లాడుతడు, కొందరైతే అవన్నీ గ్రాఫిక్సే అన్నా నాకు నిజంగ కొట్టుకునేది కావాలె అని మొఖం మీదనే చెప్తరు. ఈ నలుగురికి నాలుగు సినిమాలు వేర్వేరు. కారం అడిగినోనికి పాయసం పెడితే అది ఎంత మంచిగున్నా తిట్టుకుంటనే లేస్తడు.

వ్యూహం అన్నోనికి రెడ్ క్లిఫ్. జాన్ వూ తీసిండు, 2008ల మొదటి భాగం, 2009ల రెండోది. క్రీస్తుశకం 208ల చైనాల నిజంగ జరిగిన యుద్ధం ఇది, ఉత్తరం దిక్కు నుంచి లెక్కలేనంత దండు నావలేసుకొని వస్తది, దక్షిణాన ఇద్దరు చిన్న రాజులు ఇష్టం ఉన్నా లేకున్నా ఒక్కటైతరు. మొదటి భాగంల డాళ్ళు ఒకదానికొకటి ఆనించి గోడ లెక్క కట్టి, గుర్రాల దండును లోపలికి రానిచ్చి, ఎన్క దారి మూసేస్తరు. చిన్నప్పుడు పద్మవ్యూహం కథ విన్నోడెవ్వడైనా ఆడ లేచి కూసుంటడు. రెండో భాగంల వీళ్ళకాడ బాణాలు చాలయి, అప్పుడు సలహాదారు పడవల నిండ గడ్డి కట్టించి పొగమంచుల శత్రువు దిక్కు తోలుకపోతడు, వాళ్ళు బెదిరి కొట్టిన బాణాలన్నీ గడ్డికి గుచ్చుకుంటయి, ఊరికెనే లక్ష బాణాలు చేతికొస్తయి. ఈ సినిమా చెప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త, బయట దేశాల కోసమని రెండు భాగాలు కోసి రెండున్నర గంటల సినిమా ఒకటి జేసిన్రు, అది చూస్తే ఎవ్వడు ఎవ్వనివైపో సమజ్ కాదు. రెండు భాగాలది కలిపి దగ్గెర దగ్గెర ఐదు గంటలు ఉంటది, అదే చూడమనున్రి, టీవీల చూడమనున్రి, ఫోన్ల ఆ నావలు చీమల లెక్క కనవడ్తయి. ఇది బాగ నచ్చితె ఎన్కనే కొరియా వాళ్ళది ది అడ్మిరల్ రోరింగ్ కరెంట్స్ ఇయ్యొచ్చు, 2014ది, 12 నావలతోని 330 నావల మీదికి పోతడు ఒక సేనాపతి, మొదటి సగం ఓపిక పట్టాలె, తర్వాత మొత్తం సముద్రం మీద యుద్ధమే.

గాల్ల ఎగిరేది నచ్చినోళ్ళ సంగతి జర వేరే. వీళ్ళకు ఏ సినిమా చెప్పినా పక్కనుంచి ఎవడో ఒకడు "గట్ల ఎట్ల ఎగురుతర్రా" అని నవ్వుతడు. నవ్వినోనికి మన కాంతారావును గుర్తుజెయ్యున్రి. కత్తి కాంతారావు అని రాష్ట్రమంత పేరు వడ్డ మనిషి మన కోదాడ కాడి గుడిబండోడే, విఠలాచార్య జానపదాలల్ల ఆయన కత్తి తిప్పితే దయ్యాలు మాయమయ్యేటివి, మాయలఫకీర్లు గాల్ల పోయేటోళ్ళు, మన తాతలు ఎవ్వరు ఎట్ల అని అడగలె. చైనాల గూడ గదే, వుషియా అని ఒక రకం కథలు శానా ఏండ్ల నుంచి ఉన్నయి, కత్తిసాము నేర్చినోడు లోపలి శక్తితోని ఇండ్ల మీదికెల్లి నీళ్ళ మీదికెల్లి ఉరుకుతడు, అది ఆ కథల రూలు. ఇది ముందు చెప్పి కూసోవెడితే సగం పంచాది తీరుతది. మన ఇండ్లల్ల జానపదాలు చూసి పెరిగిన పెద్దోళ్ళు ఈ సినిమాలకు పోరగాళ్ళ కన్న ముందు అలవాటు పడ్తరు, కావాలంటె చూడున్రి.

అందరు క్రౌచింగ్ టైగర్ హిడెన్ డ్రాగన్ ముందు చెప్తరు, ఆంగ్ లీ తీసింది, 2000ల వచ్చింది, 4 ఆస్కార్లు వచ్చినయి అని. మంచి సినిమానే, నాకు గూడ పాణం. కాని మొదట అది ఇయ్యకున్రి. ఫైట్ రానీకె పావుగంట వడ్తది, అప్పటిదాక పెద్దమనుషులు చాయ్ తాగుకుంట మాట్లాడుతరు, మనోడు ఆ టైంల ఇన్‌స్టా తీస్తడు, ఇగ మల్ల రాడు. ముందు హీరో చూపియ్యున్రి, 2002ది, జాంగ్ యిమౌ తీసిండు, జెట్ లీ ఉంటడు. గంటా నలభై నిమిషాలే, నల్గొండ బస్టాండ్ల బస్సెక్కి మొదలువెడితే ఎల్బీ నగర్ దిగేలోపు అయిపోతది, గని దీన్ని గూడ టీవీల చూస్తేనే న్యాయం, రంగులే సగం సినిమా. రాజును చంపనీకె వచ్చిన ముగ్గురిని నేను చంపిన అని ఒకడొచ్చి రాజు ముంగట కూసొని కథ చెప్తుంటడు, ఒక్కో కథకు ఒక్కో రంగు, ఎర్రది, నీలంది, తెల్లది, రాజుకు అనుమానమొచ్చి వేరే కథ చెప్తడు, ఎవ్వరిది నిజమో మనకు తెల్వది. మొదటి ఫైటే చాలు మనిషి పడిపోనీకె. పాత ఇల్లు, చదరంగం ఆడే జాగ, సూర్ల నుంచి వాన కారుతుంటది, ఒక గుడ్డి ముసలాయన తీగెల వాయిద్యం పట్టుకొని లేవబోతుంటడు, జెట్ లీ పైసలిచ్చి ఇంకొకటి వాయించమంటడు. ఎదురుంగ డానీ యెన్ బల్లెం పట్టుకొని నిలవడ్తడు. ఇద్దరు కండ్లు మూసుకుంటరు. కదలకుంట నిలవడి మనసుల్నే కొట్టుకుంటరు, అది మనకు బ్లాక్ అండ్ వైట్ల కనవడ్తది, చినుకు చినుకు పగుల్తది కత్తి తగిలి. ముసలాయన వాయిద్యం తీగె తెగుతది, ఇద్దరు కండ్లు తెరుస్తరు, ఇగ నిజం కొట్లాట ఒక్క దెబ్బల అయిపోతది. ఈ సీన్ చూసి గూడ ఫోన్ తీసినోనికి వుషియా చెప్పుడు బందువెట్టి కింద రాసిన కొట్టుడు సినిమాలు చెప్పున్రి.

హీరో నచ్చినంక క్రౌచింగ్ టైగర్. అందుల ఇంట్ల ఆడోళ్ళను గూడ కూసోవెట్టున్రి, అసలు ఆ సినిమా వాళ్ళదే, మిషెల్ యో రకరకాల ఆయుధాలు మార్చుకుంట, జాంగ్ జీయి ఒక్క కత్తితోనే, ఇద్దరు కొట్టుకునే ఫైట్ ఉంటది సూడు, మగ హీరోలకు గూడ అంత మంచిది వడలె. విలన్ ముసలామె చెంగ్ పెయ్‌పెయ్, ఆమె 1966ల కమ్ డ్రింక్ విత్ మీల హీరోయిన్, అప్పట్ల కత్తి పట్టుకుంటె ఆమెనే. ముచ్చట తెల్సినంక ఆ పాతది గూడ చూడబుద్దయితది. హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్, 2004ది, ఈ వరుసల మూడోది, కథ ఆఖరికి జర సాగుతది గని డోలు డ్యాన్స్ సీన్ కోసం చూడొచ్చు.

నిజంగ కొట్టుకోవాలె అన్నోళ్ళు శానా సులువు, మాటలు తక్కువ గాబట్టి సబ్‌టైటిల్ చదువరానోళ్ళకు గూడ ఇవే. ఓంగ్ బాక్, థాయ్‌లాండ్ది, 2003. ఊర్ల బుద్ధుని విగ్రహం తలకాయ కొట్టుకపోతరు, టోనీ జా ఊరోళ్ళ చందాపైసలు పట్టుకొని బ్యాంకాక్ పోతడు. అచ్చం మన కథనే. తాళ్ళు కట్టుడు లేదు, గ్రాఫిక్స్ లేదు, మోచేతులు మోకాళ్ళు, పెద్ద దెబ్బ వడితే అదే దెబ్బ ఇంకో దిక్కు నుంచి మల్లొకసారి చూపిస్తరు, మన పోరలు ఈలలు కొట్టేది ఆడనే. ఆ తర్వాత ది రెయిడ్, ఇండోనేషియాది, 2011, పోలీసోళ్ళు ఒక గూండా బిల్డింగ్ల ఇరుక్కుంటరు, సిలాట్ అనే వాళ్ళ కొట్లాట విద్య, చేతుల తుపాకి ఉన్నోడు గూడ పక్కకు వెట్టి చేతులతోని కొట్లాడుతడు ఒకడు. రక్తం మస్తు ఉంటది, పిల్లలు పండుకున్నంక చూడాలె, అన్నం తినుకుంట అస్సలు చూడొద్దు. ఇంట్ల అందరితోని అయితె ఇప్ మ్యాన్, 2008, డానీ యెన్, ఒక్కడే పదిమంది కరాటే వాళ్ళ మీదికి పోయే ఫైట్ యూట్యూబ్ల అందరు చూసిందే, కాని ముందు గంట చూసి ఆ ఫైట్ చూస్తే ఎందుకు గంత కోపమో తెలుస్తది.

కరాటే క్లాసుకు పోయే పిలగాడు అడిగితే మాత్రం నేను ఇవన్నీ పక్కకు వెట్టి 1978ది ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్ చెప్త. ఫైట్ల కన్న ప్రాక్టీసే ఎక్కువ ఉంటది సినిమాల. బువ్వకాడికి పోవాలంటె నీళ్ళల్ల తేలే మొద్దుల మీదికెల్లి దుంకి పోవాలె, జారితే తడిసిన బట్టలతోనే మల్ల మొదటికెల్లి. రెండు చేతులు పక్కలకు చాపి నీళ్ళ బకెట్లు మొయ్యాలె, జబ్బలకు కత్తులు కట్టి ఉంటరు, చేతులు దించితే అవి పక్కలల్ల గుచ్చుకుంటయి. పిలగాడు అది చూసి తెల్లారి క్లాసుకు లేటుగ పోడు.

ఇగ కట్టప్ప. కట్టప్ప బాధ అర్థమైనోనికి జపాన్ సినిమాలు ఇయ్యాలె, ఎందుకంటె సమురాయ్ అంటె దొరల కాడ కొలువుజేసే పాతకాలం జపాన్ కత్తివీరులు, ఆ సినిమాలల్ల సగం ఆ బాధే, దొర ఎడ్డోడైనా దుర్మార్గుడైనా మాట ఇచ్చినం గాబట్టి కత్తి పట్టుడు. మొదట 13 అసాసిన్స్, తకాషి మీకె తీసిండు, 2010. ఆడోళ్ళను పిల్లలను హింసవెట్టే ఒక దొరను చంపనీకె 13 మంది జమైతరు, ఆ దొరకు కాపలా ఉన్నోడు మంచోడే, దొర ఎసొంటోడో ఎరికె, అయినా అడ్డం నిలవడ్తడు. మొదటి గంట మాటలే, ఆఖరికి ముప్పావుగంట దాక ఒక ఊరినే బోను లెక్క మార్చి కొట్లాట. మొదట్ల ఒక సీన్ శానా ఘోరంగ ఉంటది, ముందే చెప్పున్రి. దాని తర్వాత హరాకిరి, 1962, కొబయాషి తీసింది, కొట్లాట శానా తక్కువ, గని ఒక వెదురుకత్తి కథ ఉంటది, చూసినంక రాత్రి నిద్ర వట్టది. యాక్షన్ యాక్షన్ అనేటోనికి ఇది ఇయ్యకున్రి.

సెవెన్ సమురాయ్ ఎవ్వరికి చెప్పాలె అంటె, నా లెక్కల మన పాలమూరు నల్గొండోళ్ళందరికి చెప్పాలె, గని ఎట్ల చెప్తున్నం అనేదే ముచ్చట. "1954ది, బ్లాక్ అండ్ వైట్, మూడు గంటల 27 నిమిషాలు, ప్రపంచంల గొప్ప సినిమా" అని చెప్తే ఎవ్వడు చూడడు, నేనైన చూడ. గిట్ల చెప్పున్రి: పంట చేతికి రాంగనే దొంగలొచ్చి ఊడ్చుకపోయే ఊరు ఒకటి ఉంటది, ఊరోళ్ళకు కొట్లాట రాదు, పైసలు లేవు, మూడుపూటల అన్నం వెడ్తమని చెప్పి కత్తి పట్టేటోళ్ళను కూలికి తెచ్చుకుంటరు, వచ్చినోళ్ళకు వరన్నం వండివెట్టి వాళ్ళు మాత్రం చిరుధాన్యాలు తింటరు. జొన్న గట్క, తైద అంబలి తాగి వరన్నం పండుగకే తిన్న అవ్వ తాతల దగ్గెర పెరిగినోళ్ళం మనం, ఆ అన్నం గిన్నె సీన్ మనకు తాకినట్టు ఇంకెవ్వరికి తాకది. సాయుధ పోరాటం కథలు విన్నోళ్ళు, వడిసెల రాళ్ళతోని గుత్పలతోని ఊర్లకు కావలి ఉన్నోళ్ళ కథలు, వాళ్ళైతె ఆ ఊరికి కంచె కట్టుడు, ఆడోళ్ళు ముసలోళ్ళు వెదురు బల్లేలు పట్టుడు చూసి మాట్లాడకుంట కూసుంటరు. మనిషిని ఎట్ల ఎంచుతరో అది గూడ చెప్పున్రి, తలుపు చాటున ఒక పిలగాడు కట్టె పట్టుకొని నిలవడ్తడు, లోపలికి వచ్చేటోని నెత్తి మీద కొట్టనీకె, ఒకడు గడప కాడనే ఆగి నవ్వుతడు, వాడు పాస్. కురొసావా తీసిండు ఇది, నడిమిట్ల ఇంటర్వెల్ గూడ ఉంటది, ఆడ ఆపి రెండో రోజు చూడొచ్చు. ఫస్ట్ సినిమా కింద ఇది ఇయ్యకున్రి, ఇంకో రెండు మూడు చూసి సబ్‌టైటిల్ అలవాటైనంక ఇయ్యున్రి.

ఒక చిన్న చిట్కా, రెండో సినిమా వెతకాలంటె డైరెక్టర్ను గాదు ఫైట్ మాస్టర్ను పట్టుకోవాలె, మనోళ్ళకు అది అలవాటే గద. క్రౌచింగ్ టైగర్ ఫైట్లు యూయెన్ వూపింగ్, ఆయననే జాకీ చాన్ డ్రంకెన్ మాస్టర్ డైరెక్ట్ జేసిండు 1978ల, ఆయననే మ్యాట్రిక్స్ ఫైట్లు. హీరో, ఫ్లయింగ్ డాగర్స్ రెండిటికి చింగ్ స్యూటుంగ్, ఆయననే హృతిక్ క్రిష్‌కు జేసిండు 2006ల. ఇప్ మ్యాన్‌కు సామో హంగ్. క్రిష్ నచ్చిన పిలగానికి హీరో చెప్పుడు ఎంత సులువో చూడున్రి.

డబ్బింగా సబ్‌టైటిలా అని లొల్లి వెట్టుకోకున్రి. కొట్టుడు సినిమాలు ఏ భాషల చూసినా నడుస్తది, హీరో, హరాకిరి లాంటివి మాత్రం అసలు గొంతులతోనే చూడాలె. యూట్యూబ్ల డబ్బింగ్ వాటికి పేర్లు ఇష్టమొచ్చినట్టు మారుస్తరు, సినిమా పేరుతోని దొరకకుంటె యాక్టర్ పేరు కొట్టి చూడున్రి. ఓటీటీల ఇయ్యాల ఉన్నది రేపు ఉండదు, అందుకె చెప్పే ముందు ఆడ ఉందో లేదో ఒకసారి చూసి చెప్పున్రి. చిన్నపిల్లలుంటె షావొలిన్ సాకర్, 2001ది, ఇంకేం ఆలోచన అవసరం లేదు. ఫిల్మ్ ఫెస్టివల్లల్ల గొప్పోళ్ళు మెచ్చిన ది అసాసిన్, 2015ది, ఫొటోలు చూసి అందరికి చెప్పబుద్దయితది, అందం అందమే గని శానా మెల్లగ నడుస్తది, అన్నీ చూసినోడు వచ్చి ఇంకేముంది అన్నా అని అడిగేదాక దాని పేరు ఎత్తకున్రి.