కొనకపోయినా గ్యాలరీకి వెళ్లొచ్చు

హైదరాబాద్‌లో చదువుకుంటున్న వాళ్లకు ఒక మాట. బంజారాహిల్స్‌లోని కళాకృతి లాంటి ప్రైవేటు గ్యాలరీల్లో బొమ్మలు చూడటానికి మామూలుగా టికెట్ ఉండదు. డిగ్రీలో ఉండగా, కొనేవాళ్లనే రానిస్తారనుకుని నేను రెండుసార్లు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. మీరలా చేయకండి. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, "స్టూడెంట్‌నండీ, చూసి వెళ్తాను" అంటే చాలు.

ప్రదర్శన ప్రారంభోత్సవం సాయంత్రం జనంలో బొమ్మ సరిగ్గా కనపడదు. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. అన్నీ చూసేయాలన్న టెన్షన్ వద్దు, ఒక్కదాని ముందే పది నిమిషాలు నిలబడండి. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్, అంటే లోహపు రేకు మీద గీతలు దించి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ, ఏదైనా ఉంటే అదృష్టమే. కొంచెం పక్కకు వంగి చూడండి. బొమ్మ చుట్టూ కాగితం సన్నగా అణిగి ఉంటుంది. అది లోహపు రేకును ప్రెస్‌లో పెట్టి నొక్కినప్పుడు పడిన గుర్తు. ఫోన్‌లో ఆ గుంట తెలియనే తెలియదు. కింద పెన్సిల్‌తో 7/25 అని ఉంటే, 25 ప్రతుల్లో అది ఏడోదన్నమాట. పక్కన ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడైపోయినట్టు.

వీపు బ్యాగును ముందుకు వేసుకోండి, తిరిగేటప్పుడు ఫ్రేములకు తగలదు. ఫొటో తీసే ముందు అడగండి, ఫ్లాష్ మాత్రం వద్దు. అక్కడున్న వాళ్లను "ఇది దేనితో వేశారండీ?" అని అడగడానికి మొహమాటపడకండి. చాలామంది ఓపిగ్గా చెబుతారు, పాత కేటలాగ్ ఉంటే చేతికిస్తారు కూడా. సెలవు రోజు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.