‘రిలక్టెంట్’ అనే మాటను వాడుకతో సహా నేర్చుకోవడం

ఇంగ్లీషు మాటకు ఎదురుగా ఒక తెలుగు మాట రాసుకుని బట్టీ పట్టే పద్ధతి బిట్ పేపరు వరకు పనికివస్తుంది గాని, సొంతంగా వాక్యం రాయవలసి వచ్చినప్పుడు దారి తప్పిస్తుంది. ‘రిలక్టెంట్’కు ‘అయిష్టమైన’ అని రాసుకున్న విద్యార్థి, కాకరకాయ కూర నచ్చదని చెప్పడానికి కూడా ఆ మాటే వాడబోతాడు. అది పొరపాటు. ఈ మాట చెప్పేది వస్తువు మీది అయిష్టాన్ని కాదు, ఒక పని చేయడానికి వెనకాడటాన్ని.

కనుక ముందుగా మాటను ఒక సందర్భంలో పెట్టి చూడాలి. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన రైతు, వ్యాపారి చెప్పిన ధర విని, సరుకును కోల్డ్ స్టోరేజీకి తరలించాడనుకుందాం. ఆయనకు అమ్మడం ఇష్టం లేక కాదు, అమ్మడానికే వచ్చాడు. ఆ ధరకు ఇవ్వడానికి మనసొప్పలేదు. అప్పుడు ఆయన ‘రిలక్టెంట్ టు సెల్’.

తరువాత, 1948లో ఆక్స్‌ఫర్డ్ తొలిసారి ప్రచురించిన అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ వంటి, ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసం కూర్చిన నిఘంటువును తెరవాలి. అందులో అర్థం కన్నా ఉదాహరణ వాక్యాలనే ఎక్కువసేపు చూడాలని నా అభిప్రాయం. ‘టు’ తరువాత క్రియ మూలరూపమే వస్తుందని, ‘ఆఫ్ సెల్లింగ్’ అనకూడదని అక్కడే తెలుస్తుంది. ఉచ్చారణలో ‘లక్’ అనే భాగాన్ని ఒత్తి పలకాలి.

అసలు మెలిక ‘రిలక్టెంట్లీ’ దగ్గర ఉంది. రైతు ‘రిలక్టెంట్’ అంటే సరుకు అమ్మాడో లేదో తెలియదు. ‘రిలక్టెంట్లీ సోల్డ్’ అంటే మాత్రం, పిల్లల ఫీజులకో, కౌలు బాకీకో, మనసు చంపుకొని అమ్మేశాడన్నమాట. నామవాచకమైన ‘రిలక్టెన్స్’కు సాధారణంగా బహువచనం ఉండదు. ‘రెటిసెంట్’ అనే మరో మాటను దీనికి బదులుగా వాడేవారు ఇంగ్లీషువారిలోనూ ఉన్నారు గాని, దాని అసలు అర్థం మనసులోని సంగతి బయటపెట్టని స్వభావం.

చివరగా, వెనకాడి మానుకున్న పని గురించి ఒకటి, వెనకాడుతూనే చేసిన పని గురించి ఒకటి, మీ ఇంటి సంగతులతోనే రెండు వాక్యాలు రాసి, వాటిని నిఘంటువులోని ఉదాహరణల పక్కన పెట్టి సరిచూసుకోండి.